లేనోళ్ళ వరస

మా పరిశోధన సంస్థలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పరిశోధన నడిపే పెద్ద మేడమ్ మొదలుకొని గేటు దగ్గర కాపలా మనిషి దాకా అందరికీ ఆమె ఎలుకలక్కే. ఎలుకల గది ఆమెది, పక్కనున్న కడుగుడు గది నాది. ఎలుకలకు తిండి, నీళ్ళు, పడక అమర్చడం ఆమె పని. అవి పాడుచేసిన పెట్టెల్ని గోకి, కడిగి, ఆవిరిలో ఉడికించి తిరిగి పంపడం నా పని. మా ఇద్దరి మధ్యా గోడలో ఒక కిటికీ ఉంది. పెట్టెలు అందులోంచే వస్తాయి, మా కబుర్లూ అందులోంచే నడుస్తాయి. మూతికి గుడ్డలూ తలకు టోపీలూ కట్టుకుంటాం కనుక రోజంతా ఒకరికొకరం కళ్ళు మాత్రమే కనిపిస్తాం. అయినా ఆ కళ్ళు చూస్తే చాలు, పొద్దున వాళ్ళింట్లో ఏ గొడవ జరిగిందో చెప్పేయగలను. పైగా మా కాపురాలు ఒకే మేడలో. వాళ్ళు కింద, నేను పైన.

నాకు నోరెక్కువ అంటారు. అననీ. ఎలుకలక్క సంగతి చెప్పాలంటే నోరే కావాలి, ఆమె తనంతట తను ఎవరికీ చెప్పుకోదు.

ఆ గదిలో ఎలుకలన్నీ తెల్లవి. బయట మన వంటింట్లో తిరిగే రకం కాదు. వాటంతట అవే చక్కెర జబ్బు తెచ్చుకునే జాతి. ఆడవాటికి మరీ ఎక్కువ. పుట్టిన నాలుగైదు నెలలకు ఒకటొకటిగా జబ్బున పడతాయి. జబ్బు పడ్డ ఎలుక సీసాడు నీళ్ళూ తాగేసి పక్కంతా తడిపేస్తుంది. పక్క కోసం మొక్కజొన్న కండెల పొట్టు వేస్తాం. అది ముద్దకట్టి పెట్టె బరువెక్కుతుంది. ఎలుకలక్క పెట్టె కింద అరచెయ్యి పెట్టి కాస్త ఎత్తి చూసి, "ఇదీ అయిపోయింది పాపం" అనేది. ఇందులో గొప్పేమీ లేదు, ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ వచ్చే విద్యే. తర్వాత పరీక్షలు చేసే కుర్రవాళ్ళు వచ్చి తోక నుంచి రక్తపు చుక్క తీసి చూసేవారు. జబ్బు ఖాయమైతే దాన్ని గ్యాసు పెట్టెలో నిద్రపుచ్చాలి. ఆ పని ఎలుకలక్క ఎవరికీ వదిలేది కాదు. పెట్టె మీద గుడ్డ కప్పి, అయ్యేదాకా అక్కడే నిలబడేది. ఆ పూట నేను ఎన్ని జోకులేసినా కిటికీ అవతలి నుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

గదిలో రెండు వరసలు. ఒక వరసలో ఎలుకలకు ఒక జన్యువు ఉంటుంది, రెండో వరసలో వాటికి దాన్ని తీసేశారు. ఆ జన్యువుకు ఇంగ్లీషు అక్షరాలు నాలుగూ, చివర పదహారు అంకె. అంత పొడుగు పేరు మాకెందుకు? జన్యువు ఉన్నవాటిని ఉన్నోళ్ళనీ, లేనివాటిని లేనోళ్ళనీ పిలుచుకునేవాళ్ళం. చూడ్డానికి రెండూ ఒకటే. అదే తెలుపు, అవే ఎర్ర కళ్ళు, తిండి దగ్గర అదే కొట్లాట. కానీ ఉన్నోళ్ళు చక్కెర జబ్బుతో రాలిపోతుంటే, లేనోళ్ళు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాళ్ళు. ఆ వరసలో తడి పెట్టె అన్నదే మేం చూడలేదు. "ఎక్కడైనా లేనోళ్ళకే రోగాలొస్తాయి, ఇక్కడొక్కచోటే తిరగబడింది" అని నేనంటే పెద్ద మేడమ్ కూడా నవ్వేది.

ఒకరోజు టీ తాగుతూ నేనే అడిగాను. "ఆ పదహారు ఏం వెలగబెడుతుందని మేడమ్, దాని మీదే ఇన్నేళ్ళు కూర్చున్నారు?"

మేడమ్ మంచి మనిషి. అడిగితే విసుక్కోదు. గ్లాసు పక్కన పెట్టి తన రొమ్ము ఎముక మీద వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, దీని వెనక, గుండెకు కాస్త పైన థైమస్ అని ఒక గ్రంథి ఉంటుంది. చిన్నప్పుడు పెద్దగా ఉంటుంది, వయసు వచ్చేకొద్దీ ఎండిపోతుంది. మన ఒంటికి కాపలా కాసే కణాలకు అది బడి. మన ఒంటి ప్రోటీన్లనే ముక్కలు కోసి ఆ కుర్ర కణాలకు అక్కడ చూపిస్తారు. ఇది మనది, దీని జోలికి పోవద్దు అని. మనవాటి మీదే కలబడేవాణ్ణి బడిలోనే ఆపేస్తారు, బయటికి వదలరు. ఆ ముక్కలు కోసే కత్తుల్లో ఒకదాన్ని ఈ జన్యువు తయారుచేస్తుంది. ప్రోటియేజ్ అంటాం. అలాంటి కత్తులు ఒంట్లో చాలా ఉన్నాయి గానీ, ఇది మాత్రం దాదాపు ఆ బడిలోనే ఉంటుంది. ఇంకెక్కడా పనిచెయ్యదు."

"మరి మంచిదేగా?"

"మామూలు ఎలుకల్లో మంచిదే అయ్యుండొచ్చు. మన గదిలోని జాతికి మాత్రం అది కోసే తీరు వల్ల కొందరు పోకిరీలు పట్టుబడకుండా బడి దాటేస్తున్నారు. ఆ వెళ్ళినవాళ్ళు ఇన్సులిన్ తయారుచేసే క్లోమం మీద పడి దాన్ని నాశనం చేస్తున్నారు. కత్తి తీసేస్తే పట్టుబడుతున్నారు. మాకు అర్థమైనంత వరకు ఇదీ సంగతి."

ఎలుకలక్క వింటూనే టీ గ్లాసులు ఏరుకుంది. ఆ మాటలతో ఆమెకు అప్పటికి పనిలేదు.

ఆమెకు ఇద్దరాడపిల్లలు, కవలలు. పెద్దది, చిన్నది అని పిలుస్తాం గానీ ఒకదాని వెనకే ఇంకొకటి పుట్టాయి. ఒకరిని చూస్తే ఇంకొకరిని చూడక్కర్లేదు. ఇద్దరూ ఎనిమిదో తరగతి. వాళ్ళ నాన్న సిటీ బస్సు డ్రైవరు. హారన్ కొట్టడం తప్ప నోరు విప్పడని నేను ఏడిపిస్తుంటాను. పిల్లలకు నేను పిన్నిని. నా గది తలుపు తట్టకుండా లోపలికి రావడం వాళ్ళ జన్మహక్కు.

ఆ ఏడు ఎండల్లో పెద్దది తెగ నీళ్ళు తాగింది. ఎలుకలక్క ఎండ అనుకుంది. బడి నుంచి వస్తూనే స్నానాల గదికి పరిగెడుతుంటే, "అంతంత నీళ్ళు తాగితే ఇంతే మరి" అని కసిరింది. పిల్ల చిక్కిపోతే, పొడుగవుతోంది కదా అనుకుంది. ఒక మధ్యాహ్నం మేం పనిలో ఉండగా బడి నుంచి ఫోను వచ్చింది, పెద్దది తరగతి గదిలో పడిపోయిందని. చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, తల మీద టోపీ కూడా తియ్యకుండా ఎలుకలక్క పరిగెత్తింది.

ఆసుపత్రిలో చెప్పారు, చక్కెర జబ్బు, చిన్నపిల్లలకు వచ్చే రకం, బతికున్నంతకాలం ఇన్సులిన్ సూది తప్పదని. ఎలుకలక్క గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. "నా చేతి కింద ఎన్ని పెట్టెలు తడిశాయే. ఇంట్లో పిల్ల తడిసిపోతుంటే నాకు తెలియలేదు" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

అంతటితో ఆగితే ఆమె తట్టుకునేది. ఆమె గట్టి మనిషి. సూది వెయ్యడం ఒక్క పూటలో నేర్చుకుంది, పెద్దదానికీ నేర్పింది. కానీ ఇంటికి పంపించేటప్పుడు ఆసుపత్రి డాక్టరు చిన్నదాన్ని చూసి, "ఇద్దరూ ఒకే పోలిక. ఇలాంటి కవలల్లో రెండోవాళ్ళకు కూడా రావచ్చు, రాకపోనూవచ్చు. కనిపెట్టి ఉండండి" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. ఆ మాట ఎలుకలక్క గుండెల్లో మేకై దిగింది.

మర్నాడే పెద్ద మేడమ్ గదికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను, ఏం మాట్లాడుతుందో ఏమోనని.

"మేడమ్, మా చిన్నదానికి ఆ కత్తి తీసేయడానికి వీలవుతుందా?"

మేడమ్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి వచ్చి పక్కన కూర్చుంది. "కుదరదమ్మా. ఎలుకల్లో అయితే అవి పుట్టకముందే తీసేస్తాం. పిల్ల పెద్దదైపోయింది, ఆ బడిలో చాలామంది చదువు ముగించి ఎప్పుడో బయటికొచ్చేశారు. అసలు మనుషుల్లో అది ఇలాగే పనిచేస్తుందో లేదో కూడా ఇంకా తేలలేదు. నేను మీకు అబద్ధం చెప్పలేను."

"మందైనా? దాన్ని ఆపే మందు?"

"లేదమ్మా. నా జీవితంలో వస్తుందో రాదో."

ఇంత స్పష్టంగా చెప్పాక ఇంకెవరైనా ఆశ వదులుకుంటారు. ఎలుకలక్క వదల్లేదు. లేనోళ్ళకు రాలేదు కదా అన్న ఒక్క ముక్క పట్టుకుని వేలాడింది. పొద్దున రాగానే ముందు ఆ వరస దగ్గరికి వెళ్ళేది. ఒక్కో పెట్టె కిందా చెయ్యి పెట్టి, తేలిగ్గా ఉంటే కళ్ళు మూసుకుని తెరిచేది. మనుషులు ఇంకెక్కడో దండం పెట్టుకుంటారు, ఈమె ఎలుకల పెట్టెలకు పెట్టుకునేది. అన్నీ పొడిగా ఉంటే ఆ రోజు కిటికీలోంచి ఆమె కళ్ళు వెలిగేవి. "ఒక్కదానికి కూడా రాలేదే" అనేది. ఏదో మా చిన్నదే ఆ వరసలో పడుకుని లేచినట్టు.

ఇంట్లో ఇంకో భాగవతం. చిన్నది లేవగానే పక్క తడిమి చూడటం, ఎన్ని గ్లాసులు తాగావని నిలదియ్యడం, పొద్దునా సాయంత్రం వేలు పొడిచి చక్కెర చూడటం. మొదట్లో పిల్ల నవ్వుతూ వేలిచ్చింది. తర్వాత విసుక్కుంది. మూడు నెలలయ్యేసరికి వేళ్ళు దాచుకోవడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం కింద పెద్ద రభస. నేను దిగేసరికి చిన్నది మూల నిలబడి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని అరుస్తోంది.

"నేను నీ ఎలుకనా అమ్మా? నన్ను కూడా పెట్టెలో పెట్టి తాళం వేసెయ్!"

వాళ్ళ నాన్న అప్పుడు నోరు విప్పాడు. "వదిలెయ్ పిల్లని" అన్నాడు, అంతే. ఎలుకలక్క చేతిలోని సూది కిందపెట్టింది. ఇంక పొడవనని పిల్లకు మాటిచ్చింది. తర్వాత మెట్ల మీద నా పక్కన కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుని అంది, "దీనికి కూడా వస్తే నేను బతకనే. ఒట్టు. ఒక్కదానికైతే మోశాను. రెండోదానికి నాలో ఏం మిగల్లేదు."

"నోరు ముయ్యి, ఏం మాటలవి" అన్నాను. మెట్ల పైన చిన్నది నిలబడి ఉందని మా ఇద్దరికీ తెలియదు. అలిగి నా గదిలో పడుకుందామని మాకంటే ముందే మెట్లెక్కి, ఆ మాట విని, అక్కడే ఆగిపోయిందట.

ఆ తర్వాత కొన్ని వారాలు ఇల్లు నిమ్మళించింది. ఎలుకలక్క కిటికీ దగ్గర చిన్నదాని గురించి మురిసిపోయేది. "పనిమంతురాలైందే నా చిన్నది. నేను లేచేసరికే తన దుప్పటి తనే ఉతికి ఆరేస్తోంది. అక్క దుప్పటి కూడా ఉతుకుతోంది చూడు!" అనేది. ఆడపిల్ల ఎదుగుతున్న వయసు, ఉతుక్కోవడానికి దాని కారణాలు దానికుంటాయని మేమిద్దరం నవ్వుకుని ఊరుకున్నాం.

ఆ రోజుల్లోనే నా దగ్గరికి ఒక పెట్టె రోజూ రావడం మొదలైంది. మామూలుగా పెట్టెలు వారానికొకసారి మారుస్తాం. ఇది ప్రతిరోజూ వస్తోంది, అదీ ఎలుకలక్క అన్నిటి కింద పెట్టి తోస్తోంది. పొట్టు ముద్దముద్దగా ఉంది. చెత్త డబ్బాలో దులిపితే తడిసిన పిండిలా దబ్బున పడుతోంది. ముందు పట్టించుకోలేదు. తర్వాత చూస్తే పెట్టె మీద నీలం చీటీ చింపిన గుర్తు కనిపించింది. నీలం చీటీ లేనోళ్ళది.

కిటికీలోంచి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఇదెక్కడిదక్కా?"

"ఉన్నోళ్ళదే."

"ఉన్నోళ్ళదైతే పరీక్షకు పంపక రోజూ నాకెందుకు పంపుతున్నావు? నా దగ్గర కథలు చెప్పకు."

ఆమె చెయ్యి గుంజుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అరవకే. ఎవరైనా వింటారు."

"లేనోళ్ళలో జబ్బు వచ్చిందా?"

తలూపింది. ఒక ఆడ ఎలుక. పక్క తడుపుతోంది, నీళ్ళ సీసా రోజుకొకటి ఖాళీ చేస్తోంది. ఆ వరసలో ఎప్పుడూ రాదు కనుక పరీక్షలు చేసేవాళ్ళు అక్కడికి అరుదుగా వస్తారు. తడి పెట్టె కనిపిస్తే చెప్పవలసింది ఎలుకలక్కే. ఆమె చెప్పకుండా రోజూ పక్క మార్చి, నీళ్ళు నింపి దాచేస్తోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు మతి ఉందా? మేడమ్ ఇన్నేళ్ళ కష్టం. రేపు ఎవరైనా చూస్తే ఉద్యోగం ఊడుతుంది. ఎందుకు దాస్తున్నావు?"

"ఆ వరసలో ఒక్కదానికి వస్తే, ఇంక నా చిన్నదానికి అడ్డేముందే?"

"నీ కూతురికీ ఆ ఎలుకకీ ఏంటక్కా సంబంధం?"

"లేదు. నాకు తెలుసు లేదని. తెలిసే చేస్తున్నాను" అంది. "బయటికి చెబితే అది నిజమైపోతుంది. ఇంకొన్నాళ్ళు పోనీ. నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఈ సోమవారం లోపు నువ్వు చెప్పు, లేకపోతే నేను చెబుతానన్నాను. సోమవారం దాకా మమ్మల్ని ఎవరు ఆగనిచ్చారు!

ఆదివారం పొద్దున డాబా మీద బకెట్ దొర్లిన చప్పుడైంది. పిల్లి అనుకున్నాను. తలుపు తీసి చూస్తే చిన్నది తడి దుప్పటి మీద పడి ఉంది. ఊపిరి ఎగపీలుస్తోంది, పరిగెత్తి వచ్చినదానిలా. మొహం దగ్గరికి వంగితే నోట్లోంచి మగ్గిపోయిన పళ్ళ వాసన. ఆ వాసన నాకు తెలుసు. పెద్దది పడిపోయిన రోజు వాళ్ళమ్మ ఆ వాసన గురించి పదేపదే చెప్పింది. నా కేకకు మేడ మొత్తం లేచింది. వాళ్ళ నాన్న పిల్లను రెండు చేతుల మీద వేసుకుని మెట్లన్నీ దిగాడు. ఎలుకలక్క చెప్పులు లేకుండా వెనకే పరిగెత్తింది.

ఆసుపత్రిలో చిన్నదాన్ని గాజు తలుపుల లోపలికి తీసుకెళ్ళిపోయారు. మమ్మల్ని బయట బల్ల మీద కూర్చోబెట్టారు. అప్పుడు పెద్దది నోరు విప్పింది. చిన్నదానికి ఎప్పుడో మొదలైందట. బడిలో కుళాయి దగ్గర తాగి, ఇంట్లో తాగనట్టు ఉండేదట. అమ్మకు తెలిస్తే అమ్మ చచ్చిపోతుందని ఏడ్చిందట. చెప్పనని పెద్దదానిచేత ఒట్టు వేయించుకుందట.

"నా సూదిలో కొంచెం దానికి వేసేదాన్నమ్మా. నాకు తగ్గించుకుని. ఎంత వెయ్యాలో నాకు తెలియలేదు" అంది పెద్దది. "ఎక్కువ వేస్తే ఏమవుతుందోనని భయమేసి కొంచెమే వేశాను. నిన్న మొత్తం వేసేసి ఉంటే ఇలా అయ్యేది కాదేమో."

ఎలుకలక్క దాన్ని కొడుతుందేమో అనుకున్నాను. దగ్గరికి లాక్కుని, దాని తల తన పొట్టకు నొక్కిపెట్టి, గోడకేసి తల కొట్టుకుంది. వాళ్ళ నాన్న వచ్చి గోడకూ ఆమె తలకూ మధ్య తన అరచెయ్యి పెట్టాడు. ఆమె ఆ చేతికేసే కొట్టుకుంది. నర్సు వచ్చి గట్టిగా చేతులు పట్టుకునేదాకా ఆగలేదు. నేను పెద్దదాన్ని విడిపించి నా ఒళ్ళోకి తీసుకున్నాను.

కాసేపటికి ఆమే నన్ను పిలిచింది. "వెళ్ళి ఆ పెట్టె మేడమ్‌కి చూపించెయ్. ఇంక దాచడానికి ఏముంది."

మర్నాడు వెళ్ళి చూపించాను. మేడమ్ మొహం తెల్లబోయింది. పెట్టె వంక చూసింది, నా వంక చూసింది. కోప్పడింది కూడా. కోప్పడదా మరి? ఇన్నేళ్ళుగా ఈ వరసలో రాదని నలుగురికీ చెబుతూ వచ్చిన మనిషి. కానీ నేను ఆసుపత్రి సంగతి చెప్పేసరికి కుర్చీలో కూలబడింది. కాసేపయ్యాక ఎలుక తోక చివర చిటికెడు ముక్క కత్తిరించి పరీక్షకు తీసుకుంది. ఆ జన్యువు ఉందో లేదో అందులో తేలుతుంది. మామూలుగా ఆ వరసలో పుట్టినవాటికి ఈ పరీక్ష చెయ్యరు. తల్లికీ తండ్రికీ లేనిది పిల్లకు ఎక్కడినుంచి వస్తుంది?

"ఈ ఎలుక పసిదిగా ఉన్నప్పుడు ఎవరైనా తల్లిని మార్చారా? మీ అక్కను అడుగుతారా?" అంది మేడమ్.

తల్లిని మార్చడం మా దగ్గర ఉన్న పద్ధతే. తల్లి ఎలుక చచ్చిపోయినా, పిల్లల్ని కొరికేసినా, మిగిలిన పసికూనను పాలిచ్చే ఇంకో తల్లి గూట్లో పెడతాం. కొత్త వాసన తగిలితే ఆ తల్లి దాన్నీ కొరికేస్తుంది. అందుకని ముందు ఆ గూటి పొట్టులో పసికూనను మెల్లగా దొర్లించి, ఆ వాసన పట్టించి, అప్పుడు మిగతా పిల్లల మధ్యలో పెడతాం. అన్నీ తెల్లవే కనుక తర్వాత గుర్తుపట్టడానికి పాదంలో సిరా చుక్క పొడవాలి.

ఆసుపత్రి బల్ల మీద ఎలుకలక్కను అడిగాను. నేలకేసి చూస్తూ చెప్పింది. "ఉన్నోళ్ళలో ఒక తల్లి చచ్చిపోయింది. ఒక్క పిల్ల బతికుంది. పాలున్న తల్లి లేనోళ్ళ దగ్గరే దొరికింది. పొట్టులో దొర్లించి గూట్లో పెట్టాను. సిరా సూది చేతిలోకి తీసుకుంటుంటే ఫోనొచ్చింది. పెద్దది పడిపోయిందని." అంతే, సూది అక్కడే పడేసి పరిగెత్తింది. మళ్ళీ ఆ పసికూన ఆమెకు గుర్తుకు రాలేదు. ఎలా గుర్తొస్తుంది?

చిన్నదాన్ని గాజు తలుపుల అవతలి నుంచి మామూలు గదిలోకి మార్చిన రోజు మేడమ్ తనే ఆసుపత్రికి వచ్చింది. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. వరండాలోకి వచ్చాక ఎలుకలక్క చేతులు పట్టుకుంది. "ఆ ఎలుకకు జన్యువు ఉందమ్మా. అది ఉన్నోళ్ళ పిల్లే. మీరు తల్లిని మార్చిందే. మన వరసకు ఏమీ కాలేదు. లేనోళ్ళలో ఒక్కదానికి కూడా రాలేదు."

అది మంచి వార్తే. పాపం, ఓదార్పు అనుకునే మోసుకొచ్చింది. తను దాచింది వట్టి పొరపాటునని ఎలుకలక్కకు అప్పుడు తెలిసింది. మొదటి రోజే చెప్పేసి ఉంటే తోక ముక్క పరీక్షలో తేలిపోయేది.

"సంతోషం మేడమ్" అంది. తర్వాత గొంతు పెంచి, వరండాలో అందరూ తిరిగి చూసేలా అంది, "నాకు ఇద్దరు. ఇద్దరికీ వచ్చింది. మీ వరసలో అన్నేసి ఉన్నాయి, ఒక్కదానికి రాలేదు. నాకు ఒక్కదాన్ని మిగల్చకూడదా? ఒక్కదాన్ని?"

ఎవరిని అడుగుతోందో ఆమెకే తెలియదు. మేడమ్ అలా నిలబడే ఏడ్చింది. వాళ్ళ నాన్న గోడ వైపు తిరిగాడు. నాకైతే ఆ జన్యువు మీదా, ఆ బడి మీదా, మనిషిని పుట్టించి ఇలా తన ఒంటిని తన మీదికే ఉసిగొల్పే ఏర్పాటు మీదా పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

లోపల చిన్నది నిద్రలేచి ఆ కేక విన్నదేమో, "అమ్మా" అని పిలిచింది. ఎలుకలక్క మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళింది, వెనకే నేనూ వెళ్ళాను. పిల్ల చేతికి ఇంకా గొట్టం తగిలించే ఉంది. పెదవులు ఎండిపోయి పగిలాయి. మంచం అంచున పెద్దది కూర్చుని ఉంది. సూది పొట్ట మీద ఎక్కడ వేసుకుంటే తక్కువ నొప్పో అప్పటికే చెల్లెలికి చూపించేసిందట.

చిన్నది తల్లి కొంగు పట్టుకుంది. "అమ్మా, నేను ఏడవను. రోజూ నేనే వేసుకుంటాను. అక్కలాగా. ఎప్పుడు కావాలంటే అప్పుడు నా వేలు పొడిచి చూసుకో, ఏమీ అనను. దుప్పట్లు దాచను."

"సరేనమ్మా. మాట్లాడకు."

"మరి నువ్వు బతుకుతావు కదా?"

ఎలుకలక్క ఆ చేతిని కొంగు మీంచి విడిపించబోయింది. పిల్ల కొంగు వదల్లేదు. జవాబు వినేదాకా వదిలేట్టు లేదు.

"చెప్పమ్మా. రెండోదానికి కూడా వచ్చింది. ఇప్పుడు బతుకుతావా?"

"బతుకుతాను" అంది ఎలుకలక్క. ఆ మాట అనడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో అంతసేపూ పిల్లలిద్దరూ ఆమె మొహంలోకే చూస్తూ ఉండిపోయారు.